మూశారా, మూసి ఉందా? ఇంగ్లిష్‌లో క్రియ ఏదో, విశేషణం ఏదో తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో డీఎస్సీకో, ఎస్ఎస్సీకో, బ్యాంకు పరీక్షకో చదువుతున్నవాళ్లు ఇంగ్లిష్ బిట్లు చేసుకుంటూ ఒకచోట తప్పకుండా ఆగిపోతారు. వాక్యంలో ‘క్లోజ్డ్’ అనో ‘బ్రోకెన్’ అనో ‘ఇంట్రెస్టింగ్’ అనో ఒక మాట కింద గీత గీసి ఉంటుంది, అది క్రియా, విశేషణమా చెప్పాలి. చివర ఈడీ ఉంది, లేదా ఐఎన్‌జీ ఉంది, ముందు ‘ఈజ్’ కూడా ఉంది కదా అని చాలామంది క్రియ అని టిక్ పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు. అక్కడే మార్కు పోతుంది. మార్కు ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు, ఈ తేడా పట్టుబడకపోతే మాట్లాడేటప్పుడూ ఉత్తరం రాసేటప్పుడూ మనం అనుకున్నది ఒకటి, ఎదుటివాళ్లకు చేరేది ఇంకొకటి అవుతుంది.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ వాక్యం ఏం జరిగిందో చెబుతోందా, ఎలా ఉందో చెబుతోందా? జరిగింది చెబితే క్రియ, ఉన్న స్థితి చెబితే విశేషణం. మిగతా పరీక్షలన్నీ ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే.

ఈ తేడా మనం రోజూ తెలుగులో పాటిస్తూనే ఉన్నాం, కొత్తగా నేర్చుకునేది కాదు. గ్రహణం రోజు తిరుమల ఆలయం తలుపులు మూస్తారని మన ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ‘సాయంత్రం ఐదింటికి గుడి మూశారు’ అంటాం, ‘మేం వెళ్లేసరికి గుడి మూసి ఉంది’ అంటాం. ఈ రెండూ మనకు ఎప్పుడూ కలిసిపోవు. ఇంగ్లిష్‌లో మాత్రం రెండిటికీ ఒకటే రూపం, ‘ది టెంపుల్ వాజ్ క్లోజ్డ్’. పక్కన ‘ఎట్ ఫైవ్ ఓ క్లాక్’ ఉంటే మూశారు అని అర్థం, కాబట్టి క్రియ, పాసివ్ వాయిస్, అంటే పని చేసినవాళ్లను కాకుండా పని జరిగినదాన్ని ముందు పెట్టి చెప్పే వాక్యం. పక్కన ‘స్టిల్’ అనో ‘ఆల్ డే’ అనో ‘వెన్ వీ రీచ్డ్’ అనో ఉంటే మూసి ఉంది అని అర్థం, కాబట్టి విశేషణం. అంటే వాక్యాన్ని తెలుగులోకి తెచ్చుకుని ‘మూసి ఉంది’, ‘విరిగి ఉంది’, ‘రాసి ఉంది’, ‘అలసిపోయి ఉన్నాడు’ అన్న అచ్చులో కుదిరితే విశేషణం వైపు, ‘మూశారు’, ‘విరగ్గొట్టారు’, ‘రాశారు’ అని కుదిరితే క్రియ వైపు మొగ్గండి. ఐఎన్‌జీ మాటలకూ ఇదే దారి, ‘చేస్తున్నాడు, పాడుతోంది’ అని వస్తే క్రియ, ‘ఆసక్తిగా ఉంది, విసుగ్గా ఉంది’ అని ‘గా’ తగిలించుకుని వస్తే విశేషణం.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఈ పొరపాటు చాలా ఎక్కువ. ‘క్లోజ్డ్’ రెండు పనులూ చేస్తుంది గనక ‘ఓపెన్డ్’ కూడా చేస్తుందనుకుని ‘ది షాప్ ఈజ్ ఓపెన్డ్’ అంటారు. తెరిచి ఉంది అని చెప్పాలంటే ఇంగ్లిష్‌లో ‘ఓపెన్’ అనే విడి విశేషణం ముందే ఉంది, ఈడీ అక్కర్లేదు. గ్రహణం రోజు కూడా శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది కదా, దాన్ని ‘ది టెంపుల్ రిమైన్స్ ఓపెన్’ అనాలి. ‘ఓపెన్డ్’ అనేది తెరవడం అనే పని జరిగినప్పుడే, ‘ది కౌంటర్ వాజ్ ఓపెన్డ్ ఎట్ సిక్స్’ అన్నట్టు.

ఐఎన్‌జీ మాటలకు నేను అన్నిటికంటే ముందు చూడమనేది కర్మ. మాట వెనకే దేన్ని, ఎవర్ని అనే ప్రశ్నకు జవాబు నేరుగా వచ్చి కూర్చుంటే అది క్రియ, ఇంక వేరే పరీక్ష వద్దు. ‘షీ వాజ్ ఎంటర్‌టైనింగ్ ది గెస్ట్స్’ అన్నప్పుడు ఎవర్ని అంటే అతిథుల్ని, కాబట్టి క్రియ. ‘హర్ స్పీచ్ వాజ్ ఎంటర్‌టైనింగ్’ అన్నప్పుడు వెనక ఎవరూ లేరు, ఉపన్యాసం ఎలా ఉందో చెబుతోంది, విశేషణం. ‘బోరింగ్’ కూడా అంతే, ‘ది క్లాస్ వాజ్ బోరింగ్’ అంటే విసుగ్గా ఉంది, ‘దే వర్ బోరింగ్ ఎ వెల్’ అంటే బోరు వేస్తున్నారు. చిత్తూరు జిల్లాలో బోర్లు వేయని పల్లె లేదు గనక రెండో వాక్యం మనవాళ్లు మర్చిపోరు. అయితే కర్మ లేనంత మాత్రాన విశేషణం అయిపోదు, ‘ది బాయ్ ఈజ్ స్లీపింగ్’లో కర్మ లేదు, అయినా నిద్రపోతున్నాడు అనే అర్థం, క్రియే. అందుకే కర్మ కనబడితే తేలిపోయినట్టు, కనబడకపోతే తర్వాతి పరీక్షకు వెళ్లాలి.

ఆ తర్వాతి పరీక్ష ‘వెరీ’. మాట ముందు ‘వెరీ’ పెట్టి చదవండి. ‘వెరీ ఇంట్రెస్టింగ్’, ‘వెరీ టైర్డ్’, ‘వెరీ వరీడ్’ హాయిగా పలుకుతాయి, అవి విశేషణాలు. ‘వెరీ స్లీపింగ్’, ‘వెరీ రైటింగ్’ అని ఎవరూ అనరు. ఈ పరీక్ష అందరూ చెబుతారు గానీ ఒక్క సంగతి చెప్పకుండా వదిలేస్తారు, ఇది ఒక వైపే పనిచేస్తుంది. ‘వెరీ’ కుదిరితే కచ్చితంగా విశేషణం, కుదరకపోతే మాత్రం ఏమీ తేలలేదన్నట్టే. ‘ది చైర్ ఈజ్ బ్రోకెన్’ అని మూలన పడి ఉన్న కుర్చీని చూపించి అంటే అది విశేషణమే, కానీ ‘వెరీ బ్రోకెన్’ అనలేం. కొంచెం విరగడం, బాగా విరగడం అనే మెట్లు ఆ మాటకు లేవు, అందుకే ‘వెరీ’ అతకదు. ‘మ్యారీడ్’, ‘క్లోజ్డ్’, ‘రిటైర్డ్’ కూడా ఆ జాతివే.

ఇలాంటి వాటికోసం ‘సీమ్’ ఉంది. ‘ఈజ్’ తీసేసి ఆ చోట ‘సీమ్స్’ పెట్టండి, కావాలంటే ‘లుక్స్’ గానీ ‘రిమైన్స్’ గానీ. ‘ది చైర్ సీమ్స్ బ్రోకెన్’ బాగుంది, ‘ది షాప్ సీమ్స్ క్లోజ్డ్’ బాగుంది, కాబట్టి విశేషణాలే. ‘ది బాయ్ సీమ్స్ స్లీపింగ్’ కుదరదు. జాగ్రత్త, మధ్యలో ‘టు బీ’ దూర్చకూడదు, ‘సీమ్స్ టు బీ స్లీపింగ్’ అనేసరికి వాక్యం సరిగ్గానే ఉంటుంది గానీ పరీక్ష పోతుంది. నాకు ‘వెరీ’ కంటే దీని మీదే నమ్మకం ఎక్కువ.

హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ సహాయక క్రియలుగా వచ్చి, వాటి తర్వాత ఈడీ మాట నేరుగా వస్తే క్రియే, ఆలోచించక్కర్లేదు. మధ్యలో ‘బీన్’ ఉంటే మాత్రం కథ మళ్లీ మొదటికి వస్తుంది. ‘ది రోడ్ హ్యాజ్ బీన్ క్లోజ్డ్ సిన్స్ మండే’ అంటే సోమవారం నుంచి మూసి ఉంది, ‘హ్యాజ్ బీన్ క్లోజ్డ్ బై ది పోలీస్’ అంటే పోలీసులు మూసేశారు.

పోలీసులు అనగానే ‘బై’ వచ్చింది కదా, దాని గురించి. పని చేసినవాళ్లను ‘బై’తో చెబితే సాధారణంగా పాసివ్ క్రియ అని తీసుకోవచ్చు. కానీ ‘బై’ కనబడగానే క్రియ అని తేల్చేయకండి, దాని వెనక ఉన్నది మనిషో, పని చేసిన వస్తువో, వేళో చూడండి. చిత్తూరు యార్డులో తోతాపురి లోడు గురించి ‘ది లోడ్ వాజ్ సోల్డ్ బై నూన్’ అంటే అమ్మింది మధ్యాహ్నం కాదు, మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోయిందని. ఇక్కడ ‘సోల్డ్’ క్రియే గానీ అలా చెప్పింది ‘బై’ కాదు, ఆ వేళకల్లా అమ్మకం జరిగిపోయిందన్న అర్థం. ‘ది షాప్ ఈజ్ యూజువల్లీ క్లోజ్డ్ బై నైన్’ అన్నప్పుడు అదే ‘బై’ స్థితి పక్కన కూడా కూర్చుంటుంది.

‘బై’ కాకుండా వేరే ప్రిపోజిషన్ పట్టుకుని వచ్చే మాటలు ఎక్కువగా విశేషణాలు. ‘ఇంట్రెస్టెడ్ ఇన్’, ‘వరీడ్ అబౌట్’, ‘టైర్డ్ ఆఫ్’, ‘మ్యారీడ్ టు’. ఈ చివరిది మన ఊరికి బాగా పనికొస్తుంది, తిరుమల కల్యాణ వేదికలో పెళ్లి చేసుకున్నవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు కాబట్టి. ‘దే వర్ మ్యారీడ్ ఎట్ తిరుమల’ అంటే తిరుమలలో పెళ్లి జరిగింది, ఒక సంఘటన, క్రియ. ‘షీ ఈజ్ మ్యారీడ్’ అంటే పెళ్లయి ఉంది, స్థితి, విశేషణం. ‘షీ ఈజ్ మ్యారీడ్ టు ఎ టీచర్’ కూడా స్థితే. ఇప్పుడు ‘షీ ఈజ్ మ్యారీడ్ ఇన్ 2019’ అనే వాక్యం ఎందుకు తప్పో మీకే అర్థమవుతుంది, ‘ఈజ్ మ్యారీడ్’ ఇప్పటి స్థితి చెబుతోంది, దానికి గడిచిపోయిన సంవత్సరం అతికించలేం. ‘గాట్ మ్యారీడ్ ఇన్ 2019’ అనాలి. ‘మై ఫాదర్ ఈజ్ రిటైర్డ్ ఇన్ 2019’ కూడా ఇదే తప్పు. ‘మై ఫాదర్ ఈజ్ రిటైర్డ్’ వరకు ఆగితే విశేషణం, సంవత్సరం చెప్పాలంటే ‘ఈజ్’ తీసేసి ‘రిటైర్డ్ ఇన్ 2019’ అనాలి, అప్పుడది క్రియ. ఇంటర్వ్యూల్లో కుటుంబం గురించి అడిగినప్పుడు మనవాళ్లు తడబడేది ఇక్కడే, కాస్త మనసులో పెట్టుకోండి.

ముందు ‘అన్’ తగిలితే పని తేలికవుతుంది. ‘అన్‌సోల్డ్’ అనే మాట ఉంది గానీ ‘అన్‌సెల్’ అనే క్రియ లేదు, ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్’ ఉంది గానీ ‘అన్‌ఎక్స్‌పెక్ట్’ లేదు. క్రియే లేనప్పుడు ఆ మాట క్రియ ఎలా అవుతుంది, విశేషణమే. రైలు పెట్టె మీద ‘అన్‌రిజర్వ్‌డ్’ అని రాసి ఉండేదీ ఇదే కోవ. కానీ ‘అన్‌లాక్’, ‘అన్‌ప్యాక్’, ‘అన్‌టై’ అనే క్రియలు నిజంగా ఉన్నాయి, కాబట్టి ‘ది డోర్ వాజ్ అన్‌లాక్డ్’ అంటే తాళం తీశారనీ కావచ్చు, తాళం వేయకుండా ఉందనీ కావచ్చు. ముందూ వెనకా వాక్యాలు చూడాల్సిందే.

రైలు మాట వచ్చింది గనక తిరుపతి స్టేషన్‌లోనే కాసేపు నిలబడదాం. బండి ఆలస్యమైనప్పుడు మైకులో వచ్చే ‘ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్’ అనే వాక్యం మనకు కంఠతా వచ్చేసి ఉంటుంది. అందులో రెండు ఈడీ మాటలు ఉన్నాయి. ‘కాజ్డ్’ తీసుకోండి, ‘వెరీ కాజ్డ్’ లేదు, ‘సీమ్స్ కాజ్డ్’ లేదు. నిజానికి అక్కడ ‘విచ్ ఈజ్ కాజ్డ్’ అనే ముక్క కుదించి ఉంది, కలిగిన అసౌకర్యం అని. క్రియ. ‘రిగ్రెటెడ్’ చూడండి, విచారిస్తున్నది ఎవరు? రైల్వేవాళ్లు, పేరు చెప్పకపోయినా వెనక ఉన్నారు. ‘వీ రిగ్రెట్ ది ఇన్‌కన్వీనియన్స్’ అని తిప్పి రాయొచ్చు. ఇలా కర్తను తెచ్చి ముందు పెట్టి వాక్యాన్ని తిప్పినా అర్థం చెడకుండా నిలబడితే అది పాసివ్ క్రియ. ‘డీప్లీ’ ఉంది కదా, ‘వెరీ’ లాంటిదే కదా అని మోసపోవద్దు, ‘డీప్లీ’ క్రియల పక్కన కూడా కూర్చుంటుంది. ‘ది ట్రైన్ ఈజ్ రన్నింగ్ లేట్’లో ‘రన్నింగ్’ క్రియ అని ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు. చేతిలో ‘కన్‌ఫర్మ్‌డ్ టికెట్’ ఉంటే అది విశేషణం, ‘మై టికెట్ వాజ్ కన్‌ఫర్మ్‌డ్ ఎట్ మిడ్‌నైట్’ అంటే క్రియ.

అదే స్టేషన్‌లో ‘వెయిటింగ్ హాల్’ ఉంది, ‘డ్రింకింగ్ వాటర్’ ఉంది. ఇవి క్రియా కావు, విశేషణమూ కావు, మూడో రకం, జెరండ్, అంటే పనికి పేరుగా వాడే ఐఎన్‌జీ మాట. కనిపెట్టడం సులువు, వెనక ఉన్న నామవాచకం ఆ పని చేస్తోందా అని అడగండి. హాలు ఎవరికోసమూ ఎదురుచూడదు, నీళ్లు ఏమీ తాగవు. ఎదురుచూడటానికి హాలు, తాగడానికి నీళ్లు. అలిపిరి నడకదారిని ‘వాకింగ్ పాత్’ అన్నా అంతే, దారి నడవదు. ‘స్లీపింగ్ చైల్డ్’లో బిడ్డ నిజంగానే నిద్రపోతోంది కాబట్టి అది పార్టిసిపుల్, అంటే క్రియ నుంచి పుట్టి విశేషణంలా నిలబడే రూపం. పరీక్షలో ‘స్లీపింగ్ చైల్డ్’, ‘రన్నింగ్ ట్రైన్’ ఇచ్చి ఏమిటని అడిగితే పార్టిసిపుల్ అనే ఆప్షన్ ఉంటే అదే పెట్టండి, అది లేకుండా విశేషణం ఉంటే విశేషణం పెట్టండి, ఎందుకంటే నామవాచకానికి ముందు నిలబడి దాని గురించి చెబుతోంది. కానీ ‘ఇంట్రెస్టింగ్ బుక్’లా పూర్తి విశేషణం కాదని మీ మనసులో ఉంచుకోండి, ‘వెరీ’ దాన్ని ఒప్పుకోదు. నామవాచకం ముందు తెలుగు కూడా మనకు సాయం చేయదు, ‘విరిగిన కుర్చీ’, ‘పరిగెత్తే రైలు’ రెండూ మనకు ధాతుజ విశేషణాలే, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణాలే. అందుకే అలాంటి చోట మాటను ‘ఈజ్’ వెనకకు జరిపి వాక్యంగా మార్చుకుని పరీక్షించండి.

భావాలకు సంబంధించిన జంటలు కూడా ఇక్కడే స్పష్టం చేసుకోవాలి. బోరింగ్, బోర్డ్. కన్‌ఫ్యూజింగ్, కన్‌ఫ్యూజ్డ్. టైరింగ్, టైర్డ్. ఎగ్జైటింగ్, ఎగ్జైటెడ్. అన్నీ విశేషణాలే. ఆ భావం కలిగించేది ఐఎన్‌జీ, ఆ భావం కలిగినవాళ్లు ఈడీ. మెట్లెక్కి కొండకు వెళితే ఎక్కడం ‘టైరింగ్’, ఎక్కినవాళ్లు ‘టైర్డ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నాకు విసుగ్గా ఉందని కాదు, నాతో ఉంటే మీకు విసుగొస్తుందని.

చోటు మారితే అర్థమే మారిపోయే మాట ఒకటి మన ఆఫీసు ఉత్తరాల్లో రోజూ కనిపిస్తుంది, ‘కన్సర్న్‌డ్’. ‘ది ఆఫీసర్ కన్సర్న్‌డ్’ అంటే సంబంధిత అధికారి. ‘ఎ కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అంటే ఆందోళన పడుతున్న అధికారి. మనం అర్జీల్లో ‘ది కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అని రాస్తాం, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, కానీ పరీక్షలో తప్పు పట్టమని ఇస్తే నామవాచకం వెనకకు జరపాలి. ‘ది పీపుల్ ఇన్‌వాల్వ్‌డ్’ కూడా అలాగే వెనక నిలబడేదే.

ఇంకో మోసం, ఈడీ ఉన్నా క్రియ నుంచి పుట్టనివి. ‘టాలెంటెడ్’, ‘బియర్డెడ్’. గడ్డం నుంచి, ప్రతిభ నుంచి వచ్చాయి, ఇవి నేరుగా విశేషణాలు.

కొన్ని పాత మాటలు మాత్రం మనకు మేలు చేస్తాయి, క్రియకు ఒక రూపం, విశేషణానికి వేరే రూపం దాచుకున్నాయి. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లను చూడండి, ‘హి హ్యాజ్ షేవ్డ్ హిజ్ హెడ్’ అని క్రియ, ‘ఎ షేవెన్ హెడ్’ అని విశేషణం. మునిగిన పడవ ‘సంకెన్ బోట్’, పడవ మునిగింది అంటే ‘ది బోట్ హ్యాజ్ సంక్’. ముడుచుకుపోయిన చేతిని ‘ష్రంకెన్’ అంటారు, చొక్కా ఉతికితే ‘హ్యాజ్ ష్రంక్’ అంటారు. కొన్నిటికి స్పెల్లింగ్ ఒకటే, పలకడంలో తేడా. పండితుణ్ణి ‘ఎ లర్నెడ్ మ్యాన్’ అన్నప్పుడు చివరి ‘ఎడ్’ విడిగా వినిపించాలి, ‘షీ లర్న్‌డ్ ఇంగ్లిష్’లో వినిపించకూడదు. ముసలాయన ‘ఏజెడ్ మ్యాన్’, కానీ అరవై ఏళ్లాయన అన్నప్పుడు ‘ఏజ్డ్ సిక్స్‌టీ’. పైకి చదివి అలవాటు చేసుకుంటే ఇవి నోటికే తెలిసిపోతాయి.

ఎన్ని పరీక్షలు పెట్టినా రెండు వైపులా నిలబడే వాక్యాలు కొన్ని మిగులుతాయి. ‘ఐ వాజ్ వెరీ సర్‌ప్రైజ్డ్ బై ది రిజల్ట్’ తీసుకోండి, ‘వెరీ’ విశేషణం అంటోంది, ‘బై’ క్రియ అంటోంది. ఇది మీ తప్పు కాదు, భాషే అలా మధ్యలో ఉంది. ‘వెరీ’ ఉన్నప్పుడు విశేషణం అని తేల్చండి, ‘వెరీ’ లేకుండా వాయిస్ మార్చమని అడిగితే పాసివ్‌గా తీసుకుని ‘ది రిజల్ట్ సర్‌ప్రైజ్డ్ మీ’ అని రాయండి.

ఇప్పుడు ఒక వాక్యం మీరే చేయండి. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతింది. దాన్ని ఇలా రాశామనుకుందాం, ‘ది రోడ్ వాజ్ డ్యామేజ్డ్ బై ఫాలింగ్ రాక్స్, అండ్ ది డ్యామేజ్డ్ రోడ్ రిమైన్డ్ క్లోజ్డ్’. పైన చెప్పినవన్నీ పెట్టి చూసుకున్నాకే కింద చదవండి.

మొదటి ‘డ్యామేజ్డ్’ క్రియ, ‘బై’ వెనక దెబ్బకొట్టిన రాళ్లు ఉన్నాయి, ‘రాక్స్ డ్యామేజ్డ్ ది రోడ్’ అని తిప్పొచ్చు. రెండో ‘డ్యామేజ్డ్’ విశేషణం, ‘ది రోడ్ లుక్స్ డ్యామేజ్డ్’ కుదురుతుంది, దెబ్బతిని ఉన్న రోడ్డు. ‘క్లోజ్డ్’ విశేషణం, ‘రిమైన్డ్’ వెనకే ఉంది కాబట్టి ఇంకో ఆలోచన వద్దు. ‘ఫాలింగ్’ పార్టిసిపుల్, రాళ్లు నిజంగా పడుతున్నాయి. దాని చోట ‘ఫాలెన్’ పెడితే అర్థం మారుతుంది. రోడ్డుకు అడ్డంగా పడి ఉండి, యంత్రాలతో తొలగించాల్సినవి ‘ఫాలెన్ రాక్స్’, కొండ మీంచి ఇంకా దొర్లుతూ వస్తున్నవి ‘ఫాలింగ్ రాక్స్’.